పాత కుట్టు, కొత్త కాన్పు: గర్భసంచి చిరగడంపై మీ ప్రశ్నలు

తెలంగాణలో వంద కాన్పులు జరిగితే అరవై ఆపరేషన్లే. ఆంధ్రప్రదేశ్‌లో నలభై రెండు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన లెక్క ఇది (60.7, 42.4 శాతం). అంటే మన ఇళ్లలో రెండో కాన్పుకు సిద్ధమవుతున్న ఎంతోమంది ఆడపిల్లల గర్భసంచి మీద ఒక పాత కుట్టు ఉంది. ఆ కుట్టు విడిపోతే తల్లికేమవుతుంది, బిడ్డకేమవుతుందని అడుగుతూ వచ్చిన ఉత్తరాలకు ఈ నెల జవాబులిస్తున్నాం. పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాం.

నా మొదటి కాన్పు ఆపరేషన్. బాబుకు పదకొండు నెలలు, నాకు మళ్లీ ఐదో నెల. ఈసారి మామూలు కాన్పు కావాలని ఉంది. మా అత్తగారు ‘కుట్లు పిగిలిపోతాయి, వద్దు’ అంటున్నారు. పొట్ట మీద కోత అడ్డంగానే ఉంది, బాగా మానింది కూడా. నిజంగా ప్రమాదమా? — ఒక సోదరి, తెనాలి

మీ అత్తగారి భయంలో నిజముందమ్మా. కాకపోతే మీరిద్దరూ చూస్తున్నది చర్మం మీది కుట్టు. కాన్పులో పరీక్షకు నిలబడేది లోపల గర్భసంచి మీదున్న కుట్టు. పైన అడ్డంగా కోసి, లోపల నిలువుగా కోయాల్సి వచ్చే సందర్భాలుంటాయి. నెలలు బాగా తక్కువగా ఉన్నప్పుడు, ఉమ్మనీరు పోయి బిడ్డ అడ్డంగా బిగుసుకున్నప్పుడు, మాయ కింద ముందు గోడకు పరుచుకున్నప్పుడు అలా జరగొచ్చు. చర్మం ఎంత నున్నగా మానినా ఆ సంగతి చెప్పలేదు.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమో చూడండి. గర్భసంచి పైభాగం దళసరి కండ. నొప్పి వచ్చినప్పుడల్లా బిగుసుకుని బిడ్డను కిందికి నెట్టేది అదే. కింది భాగం నెలలు నిండేకొద్దీ సాగి పల్చబడి, బిడ్డకు దారి ఇస్తుంది. కింద అడ్డంగా పడిన కుట్టు మీద లాగుడు తక్కువ. పైభాగంలో నిలువు కుట్టు ఉంటే ప్రతి నొప్పీ దాన్ని రెండు పక్కలకీ లాగుతుంది. అందుకే, కింద ఒక్క అడ్డకోత ఉన్నవాళ్లు నొప్పులు తీసుకుంటే వెయ్యిమందిలో ఐదుగురి నుంచి తొమ్మిదిమందికి గర్భసంచి చిరుగుతుంది. పై నిలువు కోతైతే వందమందిలోనే నలుగురి నుంచి తొమ్మిదిమందికి, అదీ ఒక్కోసారి నొప్పులు మొదలవకముందే. నొప్పులు రాకముందే తేదీ పెట్టుకుని ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో పదివేలకు ఇద్దరు ముగ్గురు.

కాబట్టి ముందు బీరువాలోంచి పాత డిశ్చార్జి కాగితం తీయండి. ‘ఎల్‌ఎస్‌సీఎస్’ అని ఉంటే కింది భాగంలో కోసినట్టు. ‘క్లాసికల్’ (పైభాగంలో నిలువు కోత), ‘ఇన్‌వర్టెడ్ టీ’ (అడ్డకోత మధ్య నుంచి పైకి నిలువు కోత) అని కనిపిస్తే నొప్పులు తీసుకునే ఆలోచన మానుకోవాలి. చాలా కాగితాల్లో నాలుగక్షరాలు తప్ప వివరం ఉండదు. అప్పుడు ఆ ఆస్పత్రి రికార్డు గదికి వెళ్లి, ఐపీ నంబరు (ఆస్పత్రిలో చేరినప్పుడు ఇచ్చినది) చెప్పి, ఆపరేషన్ నోట్సు నకలు అడగండి. కోత పక్కకు చిరిగిందా, ఆపరేషన్ ఎందుకు చేశారు, తర్వాత జ్వరం గానీ చీము గానీ పట్టిందా అన్నవి కూడా మీ డాక్టరుకు కావాలి. బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని ఆపరేషన్ చేసి ఉంటే ఈసారి ఆ కారణం ఉండకపోవచ్చు. దారి ఇరుకని చేసి ఉంటే ఆ ఇరుకు మళ్లీ ఎదురవుతుంది.

మీ విషయంలో అసలు చిక్కు ఎడం. కాన్పుకీ కాన్పుకీ మధ్య 18–19 నెలలు లేకపోతే కుట్టు విడిపోయే అవకాశం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. మీకు పదిహేను పదహారు నెలలే వస్తున్నాయి. మామూలు కాన్పుకు ప్రయత్నించిన వందమందిలో 72–75 మందికి అది నెరవేరుతుందన్నది నిజం. ఇదివరకే ఒక మామూలు కాన్పు అయినవాళ్లలో ఇంకా ఎక్కువ. అయినా ఇంత తక్కువ ఎడంతో తేదీ పెట్టుకుని ఆపరేషన్ చేయించుకోవడమే మేలని మా అభిప్రాయం. అంతా విన్నాక కూడా ప్రయత్నించాలనిపిస్తే, రాత్రి రెండు గంటలకైనా థియేటరు, మత్తు డాక్టరు, రక్తం, బిడ్డ గుండెను నిరంతరం చూపే యంత్రం ఉన్న చోటే నొప్పులు తీసుకోండి. ‘ఫోన్ చేస్తే మత్తు డాక్టరు వస్తారు’ అనే చోటు మీకు సరిపోదు.

మాది కొండ మీది సబ్‌సెంటర్. ఆపరేషన్ చేసే ఆస్పత్రికి రెండు గంటలు. పాత సిజేరియన్ ఉన్నామె నొప్పులతో వస్తే, గర్భసంచి చిరుగుతోందని ఎలా పసిగట్టాలి? 108 వచ్చేలోపు ఏం చేయాలి? — ఏఎన్ఎం, పాడేరు ఏజెన్సీ

మీరు చేయగలిగే పెద్ద మేలు నొప్పులకు ముందే ఉంది. పాత ఆపరేషన్ ఉన్న ప్రతి గర్భిణి కార్డు మీద ఎర్ర సిరాతో రాసి పెట్టండి. 37 వారాలు దాటేసరికి ఆమె ఆస్పత్రి ఉన్న ఊళ్లో ఉండాలి. బంధువుల ఇల్లయినా సరే, గర్భిణుల వసతి గృహమైనా సరే. పై నిలువు కోత ఉన్నవాళ్లనూ ఇదివరకు చిరిగినవాళ్లనూ ఇంకా ముందే దింపాలి.

ఇక నొప్పులతోనే వచ్చేస్తే, ముందుగా మారేది సాధారణంగా బిడ్డ గుండె. నొప్పి తగ్గిన వెంటనే డాప్లర్ (బిడ్డ గుండె వినే చిన్న యంత్రం) పెట్టి పూర్తిగా ఒక నిమిషం లెక్కించండి. పావుగంటకోసారి మళ్లీ వినండి. 110 నుంచి 160 మధ్య ఉండాలి. నొప్పి పోయాక కూడా 110 దాటకపోతే ఇంకో పరీక్ష కోసం చూడొద్దు, బండి పిలవండి.

తర్వాత నొప్పి తీరు. మామూలు పురిటినొప్పి వస్తుంది, పోతుంది. మధ్యలో పొట్ట మెత్తబడుతుంది, ఆమె నీళ్లడుగుతుంది, మాట్లాడుతుంది. కుట్టు విడిపోయేటప్పుడు పొత్తికడుపు దగ్గర నొప్పి మధ్యలో కూడా వదలదు. పాత కోతకు పైన వేలు ఆనిస్తే ఉలిక్కిపడుతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా ‘ఏదో తెగినట్టయింది’ అంటుంది, నొప్పులు ఆగిపోతాయి. మోసపోయేది ఇక్కడే. అరుస్తున్న మనిషి సద్దుమణిగితే ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. మీరు మాత్రం నాడి పట్టుకోండి. కిందికి దిగిన తల మళ్లీ పైకి పోయిందా, బిడ్డ కాళ్లూ చేతులూ చర్మం కిందే ఉన్నంత స్పష్టంగా తగులుతున్నాయా, భుజం కొనలో నొప్పి అంటోందా, మూత్రం ఎర్రగా వస్తోందా చూడండి. కింద రక్తం చెంచాడే కనిపించవచ్చు, మిగతాది పొట్టలో చేరుతుంటుంది. ఈ వయసు ఆడవాళ్లకు బీపీ చివరిదాకా నిలబడి ఒక్కసారిగా పడిపోతుంది కాబట్టి బీపీ బాగుందని నిమ్మళించకూడదు. నాడి అంకె బీపీ పై అంకెను అందుకుందంటే ఆమె చాలా రక్తం పోగొట్టుకున్నట్టే.

ఆపరేషన్ ఎప్పుడూ కానివాళ్లకు కూడా ఇది జరుగుతుందని మరిచిపోకండి. నాలుగో ఐదో కాన్పు, పెద్ద బిడ్డ లేదా అడ్డం తిరిగిన బిడ్డ, గంటల తరబడి నొప్పులు. బొడ్డు చుట్టుపక్కల పొట్ట మీద అడ్డంగా ఒక గాడి పడి, దాని కింద మూత్రం నిండినట్టు ఉబ్బెత్తుగా కనిపిస్తే, కింది భాగం సాగి సాగి తెగడానికి సిద్ధంగా ఉందన్నమాట.

బండి వచ్చేలోపు: నొప్పులు పెంచే మందు డ్రిప్‌లో ఎక్కుతుంటే ఆపేయండి. రెండు చేతులకూ లావు కాన్యులాలు (సెలైన్ ఎక్కించే సూది గొట్టాలు) పెట్టండి, బూడిదరంగు 16 గానీ ఆకుపచ్చ 18 గానీ. సెలైన్ కలిపే ముందే గ్రూపు కోసం రక్తం తీసి, పేరు రాసి, ఆమెతోనే పంపండి. రింగర్ లాక్టేట్ సెలైన్ మొదటి లీటరు 15–20 నిమిషాల్లో వెళ్లిపోవాలి, తర్వాతది నాడీ బీపీ చూసి. ఎడమ పక్కకు ఒరిగించి పడుకోబెట్టండి. మూత్రనాళం వేసి రంగు రాయండి. నోటికి ఏమీ ఇవ్వొద్దు, దుప్పటి కప్పండి. పొట్ట మీద ఎవరినీ నొక్కనివ్వొద్దు. ఆస్పత్రికి ఫోన్ చేసి నాలుగు ముక్కలు చెప్పండి: పాత సిజేరియన్, చిరిగిందని అనుమానం, రక్తం గ్రూపు, ఎన్ని నిమిషాల్లో చేరతారు. రక్తమిచ్చే ఇద్దరిని బండి ఎక్కించండి. దారిలో సర్జను లేని ఆస్పత్రి దగ్గర ఆగితే పోయేది ఆమె ప్రాణమే.

ఇంకొకటి. బిడ్డ మామూలుగా పుట్టింది, మాయ పడింది, గర్భసంచి గట్టిగానే ఉంది, కింద పెద్దగా రక్తం లేదు, అయినా తల్లి పాలిపోతోంది, నాడి పరుగెడుతోంది. అప్పుడు కూడా చిరుగును అనుమానించాల్సిందే.

ఊళ్లో ఆరెంపీలు కండకు వేసే నొప్పుల సూది గురించి గట్టిగా చెప్పాలి. ఆ మందు చుక్కలు లెక్కపెట్టి డ్రిప్‌లో ఇవ్వాల్సింది, ఎక్కువైతే ఆపేసే వీలుండాలి. కండలోకి ఒకసారి ఎక్కిన సూదిని వెనక్కి తీయలేం. పాత కుట్టు ఉన్నామెకు అది వేశారంటే ఆ కుట్టు మీద గుడ్డిగా బలం పెట్టినట్టే.

మొదటిది సిజేరియన్, కింది కోతే. ఈసారి 39 వారాలకు ఆపరేషన్ రాసిచ్చారు. అయిదు రోజుల తర్వాత మంచి ముహూర్తం ఉందట. ఆగొచ్చా? — నెల్లూరు

కింది అడ్డకోత ఒక్కటే ఉండి, అంతా బాగుంటే, అయిదు రోజులు ఆగడం గురించి మీ డాక్టరును అడగడంలో తప్పు లేదు. ఈలోపు నొప్పులు మొదలైనా, ఉమ్మనీరు పోయినా ముహూర్తం సంగతి వదిలేసి ఆ నిమిషమే బయల్దేరాలి. ఆస్పత్రిలో చేరాక ‘ఇంకో గంట ఆగండి, వర్జ్యం పోతుంది’ అని మత్తు డాక్టరును ఆపిన కుటుంబాలున్నాయి. అది మాత్రం చేయకండి. ముహూర్తం కోసం 39 వారాల కంటే ముందుకు జరపమని అడగడమూ మంచిది కాదు, బిడ్డకు ఊపిరి ఇబ్బంది రావచ్చు. పై నిలువు కోత ఉన్నవాళ్లకు 36–37 వారాల్లోనే చేసేయాలి. వాళ్లు ఒక్క రోజు కూడా బేరమాడకూడదు.

స్కాన్‌లో ‘స్కార్ మందం 2.1 మి.మీ.’ అని రాశారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. — వరంగల్

ఇంతకంటే తక్కువైతే చిరుగుతుంది, ఎక్కువైతే చిరగదు అని గీత గీసే అంకె లేదు. రెండు, రెండున్నర మిల్లీమీటర్ల కంటే పల్చనైతే చాలామంది డాక్టర్లు నొప్పులు వద్దంటారు, అంతవరకే. కొలత కూడా మూత్రాశయం ఎంత నిండింది, స్కాన్ చేసే చెయ్యి ఎవరిది అన్నదాన్నిబట్టి మారుతుంది. ఆపరేషన్ తేదీ పెట్టుకోండి, ఆలోపు పొత్తికడుపులో వదలని నొప్పి వస్తే వెళ్లండి. మిగతా రోజుల్లో నిద్రపోండి.

మందం కంటే ముఖ్యమైన స్కాన్లు రెండున్నాయి. ఆరేడు వారాలప్పుడు పిండం పాత కుట్టులోనే కూర్చుందేమో చూసేది ఒకటి. అయిదో నెలలో మాయ ఎక్కడుందో చూసేది రెండోది. మాయ కిందికి ఉండి గర్భసంచి నోటిని కప్పితే, అది పాత కుట్టులోకి వేళ్లు దిగేసినట్టు పాతుకుపోయే ప్రమాదం ఉంది. ఇదివరకు ఒక ఆపరేషన్ అయినవాళ్లలో వందకు 11 మందికి, రెండైతే 40 మందికి, మూడైతే 61 మందికి అలా జరుగుతుంది. మాయ ఇలా నోటిని కప్పడాన్ని ‘ప్లసెంటా ప్రీవియా’ అంటారు; ఆ మాట రిపోర్టులో కనిపిస్తే చిన్న నర్సింగ్‌హోంలో కాన్పు పెట్టుకోవద్దు.

నా భార్యకు రెండో కాన్పులో, 38వ వారంలో నొప్పులొచ్చాయి. ఆస్పత్రికి చేరేసరికి బిడ్డ గుండె 70కి పడిపోయింది. పొట్ట తెరిచేసరికి గర్భసంచి చిరిగి బిడ్డ సగం బయటికి వచ్చి ఉందట. పాప వెంటనే ఏడవలేదు, మర్నాడు ఫిట్స్ వచ్చాయి. ఇప్పుడు 24 రోజులు, రొమ్ము పట్టి తాగుతోంది. మెదడు దెబ్బతిన్నట్టేనా? మేం గంటసేపు ఇంట్లో ఆగడం వల్లే ఇలా అయిందా? — ఒక తండ్రి, ఖమ్మం

పాప తాగుతోందన్న మాట దగ్గరే మొదలుపెడదాం, ఎందుకంటే మీ ఉత్తరంలో అన్నిటికంటే మంచి వార్త అదే. పట్టడం, చప్పరించడం, మింగడం, మధ్యలో ఊపిరి తీసుకోవడం, ఇవన్నీ ఒక వరసలో జరగాలంటే మెదడు లోతు భాగాలు పనిచేస్తుండాలి. గొట్టంతో పాలు పోయాల్సిన బిడ్డకూ, తానే తాగే బిడ్డకూ చాలా తేడా.

జరిగింది ఇది. కడుపులో బిడ్డకు ఊపిరంతా మాయ గుండానే. నిండు నెలల్లో గర్భసంచికి నిమిషానికి 500 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం వెళ్తుంటుంది. గోడ చిరిగి బిడ్డ బయటికి జారితే ఖాళీ అయిన గర్భసంచి ముడుచుకుపోతుంది, మాయ ఊడుతుంది, బిడ్డకు ప్రాణవాయువు ఆగిపోతుంది. బిడ్డ తన దగ్గరున్న నిల్వతో కొన్ని నిమిషాలు నెట్టుకొస్తుంది. గుండె పడిపోయిన 17–18 నిమిషాల్లోపు బయటికి తీసిన బిడ్డలు చాలావరకు తేరుకుంటారని, అది దాటేకొద్దీ మెదడుకు దెబ్బ పెరుగుతుందని పరిశీలనలున్నాయి. పెద్ద ఆస్పత్రి మంచం మీదే చిరిగినా ఆ నిమిషాలు అందుకోవడం కష్టం. ఇంట్లో ఆగిన గంటలో అది ఎప్పుడు చిరిగిందో ఎవరూ చెప్పలేరు. పాత కుట్టు ఉంటే తొలి నొప్పికే బయల్దేరాలని మీకు ఎవరైనా చెప్పి పంపాల్సింది. అది చెప్పకపోవడం మీ తప్పు కాదు.

ఇప్పుడు ఆస్పత్రి నుంచి తెచ్చుకోవాల్సినవి: అయిదో నిమిషం, పదో నిమిషం ఎప్గార్ అంకెలు (పుట్టగానే బిడ్డ స్థితికి ఇచ్చే మార్కులు), బొడ్డుతాడు రక్తం పీహెచ్ (రక్తంలో ఆమ్లం ఎంతో చెప్పే అంకె, 7 కంటే తక్కువైతే గట్టి దెబ్బ), మెదడు దెబ్బ స్వల్పమా మధ్యస్థమా తీవ్రమా అని రాసిన దశ, ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష). ఎంఆర్ఐ ఇంకా తీయకపోతే తీయించమని అడగండి. స్వల్ప దశ బిడ్డల్లో ఎక్కువమంది మామూలుగానే ఎదుగుతారు. ఫిట్స్ వచ్చాయి కాబట్టి మీ పాపది మధ్యస్థం కావచ్చు. ఆ దశలో కొందరు పూర్తిగా కోలుకుంటారు, కొందరికి కాళ్లూ చేతులూ బిగుసుకోవడం, మాట ఆలస్యం కావడం ఉంటాయి. ఏ గుంపులోకి వస్తుందో నెలలు గడిస్తేనే తేలుతుంది.

‘కూలింగ్ చేయించి ఉంటే’ అని ఎవరైనా అంటే కుమిలిపోకండి. పుట్టిన ఆరు గంటల్లో మొదలుపెట్టి 72 గంటలు బిడ్డ ఒంటిని 33.5 డిగ్రీల దగ్గర ఉంచే చికిత్స అది. సంపన్న దేశాల్లో మేలు చేసింది. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆస్పత్రుల్లో చేసిన హెలిక్స్ అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. ఇక్కడ మేలు కనిపించలేదు సరికదా, మరణాలు పెరిగాయి.

ఇంట్లో గమనించండి. మెడ నాలుగు నెలలకు నిలవాలి. తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోవాలి. మూడు నెలలు దాటాక కూడా బొటనవేలు లోపలికి ముడిచి పిడికిలి విప్పకపోతే, బట్ట మార్చేటప్పుడు తొడలు కత్తెరలా బిగుసుకుంటుంటే, ఏడాదిలోపే ఒక చేతినే వాడుతుంటే వెంటనే చూపించండి. తల చుట్టుకొలత నెలనెలా రాయించండి. వినికిడికి బెరా పరీక్ష, కంటి పరీక్ష చేయించండి. జిల్లా ఆస్పత్రుల్లోని డీఈఐసీలో (పిల్లల ఎదుగుదల లోపాలను తొలిదశలోనే చూసే కేంద్రం) ఫిజియోథెరపీ ఉచితం. లోపం బయటపడేదాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. ఫిట్స్ మందు మీ అంతట మీరు ఆపొద్దు. టీకాలు మానొద్దు, ఫిట్స్ ఇంకా వస్తుంటే పెంటావాలెంట్ (ఐదు జబ్బుల టీకా) వేయించే ముందు పిల్లల డాక్టరుకు చెప్పండి.

మీ భార్య గురించి ఒక్క వాక్యమే రాశారు. ఆమెకు పాలు వస్తున్నాయి కాబట్టి ఒక భయం తగ్గింది. బాగా రక్తం పోయినవాళ్లలో మెదడు కింది పీయూష గ్రంథి దెబ్బతింటే పాలే పడవు. ఐరన్ మాత్రలు నెలల తరబడి వాడాలి. రాత్రిళ్లు ఆ థియేటరు దృశ్యాలే గుర్తొచ్చి లేచి కూర్చుంటుంటే ఓదార్చి ఊరుకోవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు.

నాకు ఆపరేషన్ కాన్పులేమీ లేవు. రెండేళ్ల కిందట లాప్రోస్కోపీలో గర్భసంచిలోని ఆరు సెంటీమీటర్ల గడ్డ (ఫైబ్రాయిడ్) తీశారు. ఇప్పుడు మూడో నెల. — రాజమండ్రి

మీది కూడా కుట్టున్న గర్భసంచే. గడ్డ కండలో ఎంత లోతున ఉంది, లోపలి పొరదాకా తెరుచుకుందా, కండను పొరలుపొరలుగా కుట్టారా, లేక రక్తం ఆపడానికి ఎక్కువగా కాల్చారా అన్నదాని మీద బలం ఆధారపడుతుంది. కాల్చిన కండ గట్టిగా అతకదు. కండ లోతుగా కోసి ఉంటే 37–38 వారాల్లో, నొప్పులు రాకముందే ఆపరేషన్ చేస్తారు. కాడతో బయటికి వేలాడే గడ్డ అయితే ఇంత జాగ్రత్త అక్కర్లేదు. ట్యూబు మూలలో గర్భం వచ్చి తీయించుకున్నవాళ్లూ, డీఅండ్‌సీలో (గర్భసంచి లోపల శుభ్రం చేసేటప్పుడు) గర్భసంచికి చిల్లు పడ్డవాళ్లూ ఆ సంగతి మొదటి నెలలోనే డాక్టరుకు చెప్పాలి. చిల్లు గురించి ఇంట్లో తెలియనివ్వని ఆడవాళ్లున్నారు. కనీసం డాక్టరుకు విడిగానైనా చెప్పండి.

రెండు ఆపరేషన్లయ్యాయి. మళ్లీ పది వారాలు. మెడికల్ షాపులో గర్భం పోయే మాత్రల కిట్ ఇస్తామంటున్నారు. — కర్నూలు

తీసుకోకండి. ఆ కిట్ మన దేశంలో తొమ్మిది వారాల వరకే, అదీ డాక్టరు చీటీ మీదే. పిండం పాత కుట్టులో కూర్చుని ఉంటే ఆ మాత్రలతో ఇంట్లోనే ప్రాణాపాయమంత రక్తస్రావం కావచ్చు. స్కాన్ లేకుండా అది తెలియదు. నెలలు పెరిగేకొద్దీ గర్భసంచి ఆ కిట్‌లోని మిసోప్రోస్టాల్ మాత్రకు ఎక్కువగా స్పందిస్తుంది కాబట్టి, పాత కుట్టు ఉన్నవాళ్లకు మోతాదు, మధ్య ఎడం డాక్టరే నిర్ణయించాలి. నిండు నెలల్లో నొప్పులు రప్పించడానికి పాత సిజేరియన్ ఉన్నవాళ్లకు ఆ మాత్ర అసలు వాడకూడదు. చట్టం మీ పక్షాన ఉంది. 20 వారాల వరకు ఒక డాక్టరు అంగీకారం చాలు. ప్రభుత్వాస్పత్రికి వెళ్లండి.

మా అమ్మాయి డాలస్‌లో ఉంది. మొదటిది సిజేరియన్. నొప్పులు రప్పించి మామూలు కాన్పు చేద్దామంటున్నారు. ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే మందు) ఇస్తే చిరిగినా నొప్పి తెలియదేమోనని నా బెంగ. — ఒక తల్లి, హైదరాబాద్

ఆ బెంగ వద్దమ్మా. చిరుగును ఎక్కువసార్లు ముందు పట్టిచ్చేది తల్లి నొప్పి కాదు, యంత్రం మీద బిడ్డ గుండె గీత. చిరిగిన కేసుల్లో వందకు 70 దాకా అదే కనిపిస్తుంది. ఎపిడ్యూరల్ ఉన్నా చిరిగే నొప్పి తరచూ దాన్ని దాటుకుని వస్తుంది. మందు పదే పదే పెంచమని అడగాల్సి వస్తుంటే అదే ఒక గుర్తు.

మీ అమ్మాయి అడగాల్సింది నొప్పులు ఎలా రప్పిస్తారని. వాటంతటవే వచ్చే నొప్పుల కంటే రప్పించిన నొప్పుల్లో చిరిగే అవకాశం రెండు మూడు రెట్లు. బెలూన్ పద్ధతి (గర్భసంచి నోట్లో నీళ్ల బుడగ పెట్టి తెరిపించడం) మందుల కంటే నయం. అప్పటికప్పుడు ఆపరేషన్ చేసే డాక్టరు ఆ అంతస్తులోనే ఉంటారా అని కూడా అడగమనండి.

పోయిన ఏడాది ఎనిమిదో నెలలో గర్భసంచి చిరిగింది. బిడ్డ దక్కలేదు. గర్భసంచి కుట్టి ఉంచారు, ట్యూబులు కట్టలేదు. మళ్లీ బిడ్డను కనగలనా? — మహబూబ్‌నగర్

మీ బిడ్డ గురించి చాలా బాధగా ఉందమ్మా. కనగలరు, కానీ ఏ చోట చిరిగిందో తెలిశాకే ఆ నిర్ణయం. కింది భాగంలో చిరిగి ఉంటే మళ్లీ చిరిగే అవకాశం వందకు ఆరు. పైభాగంలో అయితే వందకు 32, అంటే ముగ్గురిలో ఒకరికి. ఆపరేషన్ నోట్సు చేతిలో పెట్టుకుని, మీరూ మీ ఆయనా కలిసి డాక్టరు దగ్గర కూర్చోండి. పైభాగమని తేలితే వద్దనే మేము చెబుతాం.

కింది భాగమైతే ఏడాదిన్నర, రెండేళ్లు ఆగండి. అప్పటిదాకా కాపర్‌టీ గానీ, మూడు నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజెక్షన్ గానీ ప్రభుత్వాస్పత్రిలో దొరుకుతాయి. రక్తం (హిమోగ్లోబిన్) 11 గ్రాములు దాటించుకుని గర్భం దాల్చండి. ఏడో నెల దాటాక పెద్దాస్పత్రికి దగ్గర్లో ఉండాలి. బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ సూదులు ఎప్పుడు ఇవ్వాలో డాక్టరు చెబుతారు. 36–37 వారాల మధ్య, నొప్పులు రాకముందే ఆపరేషన్ చేయాలి. ఇక పిల్లలు వద్దనుకుంటే, మళ్లీ మీ పొట్ట తెరవాల్సిన పని లేదు. మీ ఆయన వేసెక్టమీ చేయించుకోవచ్చు, అది చిన్న పని.

చిరిగిన గర్భసంచి కుట్టడానికి వీల్లేక తీసేశారు. వయసు 27. బాబు క్షేమం. ఇక ముసలితనం వచ్చేసినట్టేనా? మూత్రాశయానికి కూడా కుట్లు వేశారట. — శ్రీకాకుళం

కాదమ్మా. నెలసరి ఆగిపోతుంది, ఇక గర్భం రాదు. మీ వయసులో అండాశయాలను సాధారణంగా ఉంచేస్తారు. కాగితంలో చూసుకోండి. అవి ఉంటే హార్మోన్లు ఎప్పటిలాగే వస్తాయి, చర్మం ముడతలు పడదు, ఎముకలు గుల్లబారవు. ఆరు నుంచి ఎనిమిది వారాలయ్యాక, లోపలి కుట్టు మానిందని డాక్టరు చూసి చెప్పాక భార్యాభర్తలు మామూలుగా ఉండవచ్చు. బాబుకు పాలివ్వండి.

మూత్రాశయం సంగతి అశ్రద్ధ చేయొద్దు. పాత సిజేరియన్ ఉన్నవాళ్లలో అది గర్భసంచికి అతుక్కుని ఉండవచ్చు, చిరిగినప్పుడు దానితోపాటు తెగవచ్చు. మూత్రనాళం పది నుంచి పద్నాలుగు రోజులు ఉంచాల్సిందే. ఇంటికి పోయే తొందరలో ముందే తీయించుకోకండి. తీశాక, మీ ప్రమేయం లేకుండా పగలూ రాత్రీ చుక్కచుక్కగా తడుస్తుంటే అది బలహీనత కాదు, మూత్రాశయానికీ యోనికీ మధ్య దారి పడినట్టు. గుడ్డ పెట్టుకుని దాచుకుంటూ నెలలు గడపొద్దు. తొలి రోజుల్లోనే వస్తే కొన్నిసార్లు మూత్రనాళం మళ్లీ వేసి ఉంచితేనే మూసుకుంటుంది. లేకపోతే మూడు నెలల తర్వాత ఆపరేషన్‌తో సరిచేస్తారు. బోధనాస్పత్రి యూరాలజీ విభాగంలో చూపించండి.